చిన్నమ్మ కోసిన మడులు

పోయిన నెల మా చిన్నమ్మ బాలమణి కాలం చేసింది. దినాల నాడు బహదూర్‌పురాల వాళ్ల గల్లీ పొడుగున టెంటు ఏసిండ్రు. నేను మలక్‌పేట నుంచి ఆటోల పోయే వరకే సగం మంది తిని లేచిండ్రు. కూసున్నోళ్ల నోట్లె ఒకటే మాట, "ఏడుగురిని కన్నది, మనుమలను మనుమరాండ్లను లెక్కపెట్టనీకె రెండు చేతుల వేళ్లు చాలయ్. పుణ్యాత్మురాలు, నిండుగ బతికి పోయింది." మనుషులు మారుతున్నరు గని మాట మారుతలేదు. నా ముందట విస్తరిల అన్నం చల్లగయింది. ఆ ఏడుగురిల నలుగురు, ఆమె ఇగ చాలనుకున్నంక పుట్టినోళ్లు. ఆ సంగతి తెలిసినోళ్లు ఒక్కొక్కరే పోయిండ్రు, ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలిన. ఆమె అనుకున్నది జరగకుండ చేసిన మాట నా నోట్ల నుంచే వచ్చింది. నలభై ఏండ్ల పైన బడిల పిల్లలకు పాఠం చెప్పిన, ఇంట్ల ఇద్దరిని పెంచిన, ఈ ఒక్క ముచ్చట ఒక్కరికి తప్ప ఎవ్వరికీ చెప్పలేదు. ఆ దినం ఇంటికొచ్చి కాయితం పట్టుకున్న.

మా జాగ మూసీ ఒడ్డుకు ఉండె. ఎకరం మీద జర ఎక్కువ. ఒక దిక్కు నది, మూడు దిక్కుల ఇండ్లు. తాతల కాలంల అండ్ల వరి పండిందట, నాకు తెలివొచ్చే నాటికి అంత ఆకుకూరే. పాలకూర, తోటకూర, చుక్కకూర, మెంతి, కొత్తిమీర, పుదీనా. మూసీ అప్పటికే కంపు కొడుతుండె. కాలువ నుంచి మడులకు మళ్లిన నీళ్లు నల్లగ, గోరువెచ్చగ ఉంటుండె, వాటిల నిలబడితె కాలివేళ్ల సందులల్ల దురద లేస్తుండె. కాని ఆ నీళ్లకే కూర ఎగబడి పెరుగుతుండె, వేరే ఎరువు కొన్నట్టు నాకు యాదిలేదు. పొద్దు పొడవక ముందే కోతకు దిగుతుంటిమి. కొత్తిమీర మడిల వంగినప్పుడు లేచే పచ్చి వాసన, కాలువ కంపు, తాత చుట్ట పొగ, ఈ మూడు కలిసిందే నాకు తెల్లారుడంటే. జూపార్కు దిక్కు నుంచి సింహం అరుపు వినపడంగనే అమ్మ "జల్ది, జల్ది" అంటుండె. ఎలుగొచ్చే వరకు కూర కోసి, నానబెట్టిన జమ్ము ఆకుతోని కట్టలు కట్టి, బాయి నీళ్లల్ల కడిగి గంపలకు ఎత్తాలె. బాపు వాటిని సైకిల్ మీద మండికి ఏస్కపోతుండె. నేను చేతులు కడుక్కొని బడికి ఉరుకుతుంటి. ఎంత కడిగినా గోర్ల సందుల పచ్చ రంగు పోకపోతుండె. పక్కన కూసున్న పొల్లలు నా చేతులు వాసన చూసి, ఈ దినం ఏం కూర కోసినవో మేం చెప్తం అని నవ్వుతుండ్రి.

తాత పొట్టి మనిషి, మాట తక్కువ. మడుల నడుమ గెట్ల మీద ఉత్త కాళ్లతోనే తిరుగుతుండె. ఆకు మీద అరచెయ్యి పెట్టి, ఇది రేపటి కోత, ఇది ఎల్లుండిది అంటుండె. కోసినంక భూమిల మిగిలిన మొదళ్లను చూసి ఏ మడి ఎవరు కోసిండ్రో చెప్తుండె. బాపు కొడవలి ఏటవాలుగ పోతది, అమ్మది భూమికి అంటుకొని పోతది, నాది ఎగుడుదిగుడు. "రెండు వేళ్ల మొదలు ఉంచి కొయ్యాలె, అప్పుడే మళ్ల జల్ది చిగురిస్తది" అని ఎన్నిసార్లు చెప్పినా మాకెవ్వరికీ ఆ కోత రాలేదు. ఆయనకు మా మీద ప్రేమ లేదని అనను. ఎండకాలం మొదటి పుదీనా కోసినప్పుడు నాలుగు ఆకులు నలిపి నా ముక్కు కాడ పెడుతుండె. కాని ఆ జాగ మీద ఉన్న ప్రేమ ముందట మనుషుల మీదిది ఎప్పుడూ రెండోదే.

నేను అయిదో తరగతిల ఉన్నప్పుడు మా చిన్నాయన యాదగిరి కుటుంబంతోని తిరిగొచ్చిండు. బయటూర్ల ఒక పత్తి మిల్లుల పని చేస్తుండె, ఆ మిల్లు మూతపడ్డది. ఒక ట్రంకు పెట్టె, రెండు మూటలు, ఇద్దరు పోరగాండ్లు, చిన్నమ్మ చంకల ఒక చంటిది. అప్పటికే ఇంట్ల తాత, అమ్మ, బాపు, మేం నలుగురం పిల్లలం. ఏడుగురి మీద అయిదుగురు కలిసిండ్రు. జాగ అదే, రెండు అర్రల ఇల్లు అదే. వారం దినాలకు బాపు మెల్లగ అడిగిండు, "నాయినా, జాగ పాలు పంచుదమా?"

"పంచితె ఎవనికీ మిగలదు," అన్నడు తాత. "మనిషి పెరిగిండంటె రెండు చేతులు పెరిగినట్టు. చేతులున్నయ్ గద, మడులు పెంచుదం."

తెల్లారే పార పట్టుకున్నడు. మూరెడు వెడల్పుండే గెట్లను జానెడుకు తెచ్చిండు. పెంటకుప్ప పోసే మూల మడి అయింది. మేం కూసొని కట్టలు కట్టే నీడ జాగ మడి అయింది. గెట్ల మీద నడవాలంటె అడుగు ముందట అడుగు పెట్టి, తాడు మీద దొమ్మరోళ్లు నడిచినట్టు నడవాలె. తప్పి కాలు జారి కూర మీద పడితె తాత తిట్టకపోతుండె, ఒక్క చూపు చూస్తుండె, అది చాలు. నెలకు కోసే పాలకూరను ఇరవై దినాలకే కోసినం. తోటకూర పీకిన గంటల్నే ఆ మడిల మెంతులు చల్లినం. ఒక్క మాట న్యాయంగ చెప్పాలె, తాత తప్పు అనుకోలేదు. ఆ ఎకరం అంతకుముందు ఎన్నడూ ఇయ్యనంత కూర ఇచ్చింది. రెండు గంపలు పోయే కాడ నాలుగు పోయినయ్. చుట్టుపక్కల కూర పండించేటోళ్లు వచ్చి గట్టు మీద నిలబడి చూసి పోతుండ్రి. "అడుగు జాగ ఖాళీ లేదు" అని తాత చుట్ట ముట్టించుకుంటుండె. మండిల మాత్రం బేరగాండ్లు బాపును పట్టుకొని "క్యా భాయ్, కట్టా ఛోటా హోతే జారా?" అని, కట్ట చిన్నగయితున్నదేందని అడుగుతున్నరని బాపు ఇంట్ల చెప్తుండె. తాత ఇనకపోతుండె.

అమ్మ వంటింట్ల కూసొని చూసేది వేరే. మనిషికి రెండు జొన్న రొట్టెలు అయ్యే కాడ ఒకటిన్నర అయింది, తర్వాత పిల్లలకు ఒకటే అయింది. "గంపలు పెరిగినయ్ గని గిన్నె పెరగలే" అని నాతోని ఒకసారి అన్నది. ఇద్దరు కోడండ్లకు పొయ్యి కాడ రోజూ లొల్లి. పెద్దగ అరుచుకునుడు కాదు, గిన్నె గట్టిగ పెట్టుడు, మూత గట్టిగ ఏసుడు. చిన్నమ్మ తన పిల్లల రొట్టెలు ముందే కొంగుల కట్టుకుంటదని అమ్మకు అనుమానం. అమ్మ పప్పుల గట్టిది మాకే ఏస్తదని చిన్నమ్మకు అనుమానం. రెండూ నిజమే. చిన్నమ్మది మెట్ట ఊరు, ఆకుకూర మడి ఆమె అంతకుముందు చూడలేదు. వచ్చిన వారానికే కొడవలి పట్టింది, నెలకు మా అందరికంటె చక్కగ కోసింది. రెండు వేళ్ల మొదలు, దారం పట్టి కోసినట్టు. తాత చూసి ఏమనలేదు గని ఆ తెల్లారి సంది ఆమెకు మూడు మడులు ఎక్కువ పడ్డయ్.

ఒకనాడు పొద్దుమీకి అందరం తింటున్నం. తాత రొట్టె తుంచుకుంట చెప్పిండు, "పక్క జాగాయన ముసలోడయిండు, కౌలుకు ఇస్తనంటున్నడు. ఇప్పుడున్న చేతులు దానికి చాలయ్. ఇంకో ఇద్దరు మొగపిల్లలుంటె నడుస్తది." తలెత్తి అమ్మ దిక్కు చూసిండు. "సత్తెమ్మా, నీ చిన్నది నడవబట్టింది గద."

అమ్మ రొట్టె చేసే చేతులు ఆపలేదు. "చేతులు వచ్చేదాక అది నోరే గద మామా," అన్నది.

ఆ ఇంట్ల తాతకు ఎదురు మాట అదే మొదటిది. బాపు తల వంచుకున్నడు. చిన్నాయన నీళ్ల చెంబు నోటి కాడికి ఎత్తి తాగలేదు. తాత చేతులున్న సగం రొట్టెను తలెల పెట్టి, చెయ్యి కడుక్కొని లేచి పోయిండు. ఆయన తిండి ఇడిసి లేచింది నేను అంతకుముందు చూడలేదు. చిన్నమ్మ మాత్రం అమ్మను అట్లనే చూసుకుంట కూసున్నది, పక్కన పిల్ల ఏడుస్తున్నా ఇనపడనట్టు.

నాలుగైదు దినాలకు కట్టలు కడుతున్న కాడ అమ్మ బాపుతోని మెల్లగ మాట్లాడుతుంటె ఇన్న. గల్లీకి సూదులు ఏయనీకె వచ్చే నర్సమ్మ చెప్పింది, సర్కారు దవాఖానల ఆపరేషన్ చేస్తరట, మొగని సంతకం కావాలట.

"నాయినకు చెప్పకుంటనా?" అన్నడు బాపు.

"చెప్తె కానిస్తడా?"

బాపు చాలసేపు జమ్ము ఆకు వేళ్లకు చుట్టుకుంట ఇప్పుకుంట కూసున్నడు. "తెలిస్తె మనల జాగల నుంచి ఎల్లగొడ్తడు సత్తెమ్మా."

"ఎల్లగొడ్తె ఎక్కడనన్నా కూలి చేద్దం. మళ్ల ఒక్కదాన్ని కని, ఈ గెట్ల మీద పండవెట్టి కూర కోసుడు నాతోని కాదు. సుగుణ చేతులు చూసినవా? బడిల పలక పట్టే చేతులేనా అవి?"

సుగుణ అంటె నేనే. నేను నా చేతులు చూసుకున్న. బాపు మలక్‌పేటల అమ్మమ్మకు బాగలేదని తాతకు చెప్పి, రెండు దినాలకు అమ్మను తీస్కపోయిండు. పోయే ముందట అమ్మ నన్ను ఇంటెనుకకు పిలిచి అంత చెప్పింది. "నీకొక్కదానికే చెప్తున్న. వచ్చినంక పదిహేను దినాలు నేను వంగొద్దు, బరువు లేపొద్దు. నా మడులు నువ్వు చూస్కోవాలె. మీ తాతకు తెల్వొద్దు. ఎవ్వరికీ తెల్వొద్దు. బిడ్డా, ఎవ్వరికీ."

మూడో దినం రిక్షాల వచ్చింది. మొఖం తెల్లగ పాలిపోయింది, నడక మాత్రం తప్పనియ్యలేదు. తెల్లారి కోతకు దిగినప్పుడు కట్టలు కట్టే కాడ కూసున్నది, నేను ఆమె మడిల వంగిన. ఆమెవి ఆరు మడులు. నేను రెండు కోసే వరకే నడుము పట్టుకుపోయింది. చెమట కండ్లల్లకు కారుతుంటె వెనుకకు తిరిగి చూడనీకె భయం, తాత చూస్తున్నడేమోనని. గెట్టు మీద తాత అడుగులు ఇనపడ్డయ్, ఆగినయ్.

"ఏందే సత్తెమ్మా, పొల్లను దింపి నువ్వు కూసున్నవ్?"

"నడుము పట్టింది మామా."

"కూసుంటె ఇంకా పడ్తది. లేచి ఆ గంప ఎత్తు, సైకిల్ కాడికి తీస్కపో."

తడి పాలకూర గంప. ఇద్దరు ఎత్తితె గని తల మీదికి రాదు. అమ్మ లేచింది. గంప కాడికి పోయి, కొంగు నడుముకు చెక్కి, మోకాళ్లు వంచబోయింది. నా చేతుల కొడవలి ఆగింది. బాపు సైకిల్ కాడ నిలబడి అటే చూస్తున్నడు, కదలలేదు. అప్పుడు అవతల మడి నుంచి చిన్నమ్మ అడ్డం పడి వచ్చి గంప అంచు పట్టుకున్నది. "నా గంప ఖాళీగనే ఉన్నది అక్కా, ఇది నేను మోస్త. నా పిల్లదాన్ని జర నువ్వు పట్టుకో," అని ఒక్క ఊపుల ఎత్తుకొని పోయింది. తాత ఏమనుకున్నడో తెల్వది, చుట్ట ఆరిపోతె మళ్ల ముట్టించుకుంట కాలువ దిక్కు పోయిండు.

ఆ తెల్లారి నేను లేచి పోయే వరకే అమ్మ మడులల్ల నాలుగు కోసి ఉన్నయ్. ఆ తెల్లారి గూడ అంతే. చిన్నమ్మ మాకంటె ముందు లేచి, అమ్మ మడులు కోసి, తర్వాత తనవి మొదలుపెడుతుండె. మూడో దినం దండెం మీద గుడ్డలు ఆరేస్తుంటె ఆమె అమ్మ కాడికొచ్చి నిలబడ్డది. నేను బకెట్ పట్టుకొని పక్కనే ఉన్న. "నీళ్లు పోసుకునేటప్పుడు కట్టు చూసిన అక్కా," అన్నది. అమ్మ గుడ్డను అట్లనే చేతుల పట్టుకున్నది. "నొప్పి అయిందా?"

"అయింది. ఒక దినమే."

"నన్ను గూడ తీస్కపో," అన్నది చిన్నమ్మ. "మీ మర్ది కాదనడు. ఆయనను నేను ఒప్పిస్త. మామకు తెల్వకుంట అయిపోవాలె, అంతే. నాకు ఇంకొకరు వద్దు అక్కా. ఉన్న ముగ్గురికే నా పాలు, నా రొట్టె సరిపోతలేవు."

పొయ్యి కాడ గిన్నెలు గట్టిగ పెట్టుకున్న ఇద్దరు అప్పుడు ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకొని నిలబడ్డరు. అమ్మ మాటిచ్చింది, "వచ్చే నెల, నా కుట్లు ఇప్పినంక, మా అమ్మకు మళ్ల బాగలేదని చెప్పి ఇద్దరం పోదం." ఆ వారం పొయ్యి కాడ లొల్లి లేదు. ఇద్దరూ మాట్లాడుకుంట రొట్టెలు చేసిండ్రు. నాకు అది పండగ లెక్క అనిపించింది.

కుట్లు ఇప్పనీకె దవాఖానోళ్లు చెప్పిన దినానికి అమ్మ పోలేకపోయింది. మళ్ల మలక్‌పేట పోతనంటె తాత "మొన్ననే గద పోయినవ్" అన్నడు. రెండు దినాలు గడిచినయ్. మూడో దినం, ఇంకా కోత నడుస్తుండంగనే, నర్సమ్మ చేతిల సంచితోని గట్టు మీద ప్రత్యక్షమయింది. పాపం ఆమె తప్పేం లేదు, తన పని తాను చేసింది. "సత్తెమ్మ ఎవరమ్మా? కుట్లు ఇప్పాలె, రాలేదేంది? చీము పడ్తె ఎవరి ప్రాణానికొస్తది?"

తాత పార భూమిల దించిండు. "ఏం కుట్లు?"

నర్సమ్మకు అప్పుడు అర్థమయింది. అమ్మ దిక్కు చూసింది, బాపు దిక్కు చూసింది. అమ్మే చెప్పింది, కూసున్న కాడ నుంచి లేవకుండ, "పిల్లలు కాకుండ ఆపరేషన్ చేయించుకున్న మామా."

నేను తాత పార ఎత్తుతడనుకున్న. బాపు గూడ అనుకున్నట్టున్నడు, రెండడుగులు ముందుకేసిండు. తాత అమ్మను చూడలేదు. చిన్నమ్మ దిక్కు తిరిగిండు. "నీకు తెల్సా?"

"నాకేం తెల్వది మామా," అన్నది చిన్నమ్మ. రెప్ప కొట్టలేదు.

నర్సమ్మ అమ్మను ఇంట్లకు తీస్కపోయింది. మిగిలిన కోత మాట లేకుండ సాగింది. అందరు గంపలు ఎత్తి పోయినంక, కాలువ మొగదల కాడ నుంచి తాత నన్ను పిలిచిండు. ఆయన గొంతుల కోపం లేదు. కోపం ఉంటె నేను ఉరికిపోయేదాన్ని. చెయ్యి పట్టుకొని అమ్మ మడి కాడికి తీస్కపోయి కూసున్నడు.

"సుగుణా, ఈ మొదళ్లు చూడు. ఇది నీ చెయ్యి కాదు, మీ అమ్మది కాదు. చిన్నమ్మది గద?"

నేను తలూపిన. అది ఆయనకు తెలిసిందే, ఎన్ని దినాల సంది తెలిసిందో.

"ఆమె మడులు ఆమెకుండంగ వీటినెందుకు కోసింది? ఊరికెనే ఎవరు కోస్తరు? మీ అమ్మ ఇంట్లవి ఏమన్నా తీసి ఇస్తున్నదా?"

"లేదు తాతా. ఏం ఇయ్యలే."

"ఇయ్యకుంటె ఎందుకు కోస్తది బిడ్డా? దొంగతనంగ ఏదో నడుస్తున్నది ఇంట్ల."

నాకు చిన్నమ్మను దొంగ అంటున్నడని మండింది. ఆమె మీద ఆ మాట పడొద్దని, నిజం చెప్తె ఆమె మంచిదని ఆయనకు తెలుస్తదని, నేను చెప్పేసిన. "దొంగతనం కాదు తాతా. ఆమె గూడ పోతనన్నది. వచ్చే నెల అమ్మ తీస్కపోతనన్నది."

తాత నా తల మీద చెయ్యి పెట్టి తీసిండు. లేచి, పారతోని మడికి నీళ్లు కట్టేసి, ఇంటి దిక్కు పోయిండు.

ఆ పొద్దుమీకి వాకిట్ల అందరి ముందట చిన్నాయనతోని చెప్పిండు, "యాదగిరీ, రేపటి సంది నీ పెండ్లాం గడప దాటితె మడికే దాటాలె. దవాఖాన దిక్కు పోయిందంటె మళ్ల ఇటు రావద్దు. ఆమే కాదు, నువ్వు, నీ పిల్లలు గూడ." చిన్నాయనకు చేతిల పని లేదు, తలదాచుకునే ఇంకో ఇల్లు లేదు. "సరే నాయినా" అన్నడు. చిన్నమ్మ తలుపు చెక్క పట్టుకొని నిలబడ్డది, అమ్మను చూసింది. అమ్మ బాపును చూసింది. బాపే భయపడి చెప్పిండని అమ్మ అనుకున్నది. ఎన్నో దినాలు ఆయనతోని మాట్లాడలేదు. "నేను చెప్పలే సత్తెమ్మా" అని బాపు ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. నన్ను గూడ అడిగింది. తెల్వదన్న. ఒకసారి తెల్వదన్నంక తెలుసని చెప్పనీకె దినం దినం ఇంకా కష్టమయింది, తర్వాత అలవాటయింది.

ఆ పంట కాలం అయిపోంగనే పంచనన్న తాతే జాగను పంచిండు. తాడు పట్టుకొని మాకు కింది దిక్కు, నీళ్లు ఆఖరుకొచ్చే వైపు చిన్న ముక్క ఇచ్చిండు. "చేతులు పెరగని ఇంటికి ఇది చాలు" అన్నడు. పెద్ద ముక్క, కౌలుకు తీసుకున్న పక్క జాగ చిన్నాయనకు. మా ముక్క మీద పని చెయ్యనీకె అమ్మ, బాపు ఇద్దరే. ఏ బడి కోసం అమ్మ అంత తెగించిందో ఆ బడే నేను ఇడిసిపెట్టిన. ఏడాది మొత్తం పొద్దుగాల సంది మడిలనే. అమ్మ అది చూడలేకపోయింది. ఒకనాడు సగం మడులు చెడగొట్టి పశువుల గడ్డి నాటింది. గడ్డికి ఇత్తునం ఎయ్యాలె, కలుపు తియ్యాలె, కట్టలు కట్టి కడగాలె అనే బాధ లేదు. ధూల్‌పేట్ నుంచి బర్ల యజమానులు వచ్చి వాళ్లే కోసుకపోతుండ్రి. వచ్చేది తక్కువ, కాని చేతులు అడగదు. బాపు మలక్‌పేట గంజ్ మార్కెట్‌ల మూటలు మోసే హమాలి పనికి కుదిరిండు. నేను మళ్ల బడికి పోయిన, నాకంటె చిన్నోళ్లతోని అయిదో తరగతిలనే కూసున్న. తాతకు ఇది కడుపుకోత. గట్టు మీద నిలబడి, "కూర పండే మడిల గడ్డి ఏస్తరా? అన్నం పెట్టే భూమికి సిగ్గు" అని అమ్మకు ఇనపడేటట్టు అంటుండె. అమ్మ తలెత్తకపోతుండె. ఆయన బతికున్నన్ని దినాలు వాళ్లిద్దరు మాట్లాడుకోలేదు.

గెట్టు అవతల చిన్నమ్మ జాగ మూసీ ఒడ్డు మొత్తం మీద పేరు పడ్డది. ఏటేటా పిల్లలు పుట్టిండ్రు, నలుగురు. కాళ్లొచ్చిన ప్రతి ఒక్కరు మడిలకు దిగిండ్రు. అంత చిక్కటి పాలకూర నేను మళ్ల ఎక్కడ చూడలేదు. వాళ్లల్ల ఒక్కరు పది దాక చదవలేదు. తాత పోయినంక, చిన్నాయన పోయినంక, అయిదుగురు కొడుకులు ఆ జాగను పంచుకున్నరు. ఒక్కొక్కనికి నాలుగు మడులు గూడ రాలేదు. ఒకడు నీళ్లు కట్టుకుంటె ఇంకొకని మడి మునుగుతుండె, అన్నదమ్ములు పారలు పట్టుకొని నిలబడ్డ దినాలు ఉన్నయ్. ఇప్పుడు ఒక్కడే అందరివీ చేస్తుండు, మిగిలినోళ్లు ఆటోలు నడుపుతున్నరు, ఒకడు వెల్డింగు షాపుల ఉన్నడు. మా ముక్క ఎప్పుడో పోయింది. నేను టీచరునైన, తమ్ముండ్లు నౌకర్లు చేసిండ్రు. మా ఇంట్ల అందరు అనేది, మా అమ్మ ధైర్యం వల్ల బాగుపడ్డం అని. అది నిజమే. నేను గడ్డి వల్ల చదువుకున్న, చిన్నమ్మ పిల్లలు కూర వల్ల చదువుకోలేదు. ఇప్పుడు నా ఇంటి ముందటికి బండి మీద వచ్చే పాలకూర కొనుక్కుంటుంటె, దాన్ని కోసి కడిగి కట్టేటందుకు ఎంతమంది చేతులు పట్టినయో నాకు తెలుసు, ఇంకెవరూ అడగరు. ఆ ఎకరం ఎక్కువ పండింది ఎప్పుడంటె మాకు అన్నిటికంటె ఎక్కువ ఆకలైన దినాలల్లనే.

రెండేండ్ల కింద చిన్నమ్మను చూడబోయిన. మోకాళ్లు పోయినయ్, మంచంల కూసొని మెంతికూర తెంపుతుండె. కోడలు చాయ్ పెట్టి బయటకు పోయింది. ఇద్దరమే ఉన్నం. అంతకుముందు ఎన్నోసార్లు నోటి దాక వచ్చి ఆగిన మాట ఆ దినం ఆగలేదు. "చిన్నమ్మా, తాతకు చెప్పింది బాపు కాదు. నేను," అన్న.

ఆమె చేతులు ఆగలేదు. "తెలుసు," అన్నది.

"ఎప్పటి సంది?"

"ఆ పొద్దుమీకే. మామ నాతోనే అన్నడు, పసిపిల్ల నోట్ల నిజం దాగదు, నీ నోట్ల దాగింది అని."

నేను ఏడ్చిన. ఆ వయసుల గూడ ఎక్కిళ్లు పెట్టి ఏడ్చిన. ఆ తర్వాత ఎన్నేండ్లు ఆమె గెట్టు మీద నుంచి నాకు కొత్తిమీర కట్ట ఇసిరేసిందో, నా పెండ్లిల ఎన్ని గంపల కూర తెచ్చిందో, అన్నీ తెలిసే చేసింది. "మరి అమ్మకెందుకు చెప్పలే? బాపు మీద పడ్డది గద."

"చెప్తె నిన్ను కొడ్తుండె," అన్నది.

"నీ బతుకు వేరే ఉంటుండె చిన్నమ్మా."

ఆమె అప్పుడు కూర తెంపుడు ఆపింది. "ఎవరిని వద్దనమంటవ్ బిడ్డా? నాలుగోడు నన్ను ఎత్తుకొని బాత్రూముకు తీస్కపోతడు. ఆఖరిది వారం వారం వచ్చి తల దువ్వుతది. వాళ్ల మొఖం చూస్కుంట వద్దనుకుంటి అని ఎట్లనాలె? నన్ను అది అడగకు." మళ్ల తనే అన్నది, "కాని అప్పుడు మస్తు అలసిపోయిన. మీ అమ్మ మధ్యాహ్నం గడ్డి గట్టు మీద కండ్లు మూస్కొని పండుకుంటుండె చూడు, అది చూస్తె నాకు ఏడుపొస్తుండె."

"తాత అడిగితె చెప్పకుండ ఉండేటోళ్లు ఆ ఇంట్ల ఎవరున్నరు చిన్నమ్మా, నేను పిల్లను గద," అని నన్ను నేనే సముదాయించుకున్నట్టు అన్న. అన్నంక తెలిసింది నేనేమన్ననో. "నువ్వుంటివి," అన్న.

"ఉంటి," అన్నది చిన్నమ్మ. "నాకప్పుడు ఇరవై మూడేండ్లు."

నేను ఆమె మొఖం దిక్కు చూసిన. ఇన్నేండ్లు నా యాదిల ఆ గెట్టు మీద గంప ఎత్తుకొని పోయే చిన్నమ్మ పెద్ద మనిషి. నా బిడ్డకు ఇరవై మూడు ఉన్నప్పుడు నేనే పొద్దుగాల లేపి, టిఫిన్ చేసి, కాలేజీ బస్సు దాక తోలి వచ్చిన. మంచం మీద కూర కుప్ప సగం అట్లనే ఉన్నది. నేను ముందుకు జరిగి, ఆమె ఎదురుంగ కూసొని, తెంపుడు మొదలుపెట్టిన.